చివరి అచ్చు

పడవ అంచు నుంచి తీగ వేలాడదీశాను.
దాని తోక నీళ్లలో, గొంతు నా ఒళ్లో ఉన్న డబ్బాలో.
పద్దెనిమిది మీటర్ల కింద తోంకా మాట్లాడితే
ఆ మాట మనిషి చెవికందని సన్నటి కీచై
నీళ్లకు అడ్డంపడి వచ్చి
ఇక్కడ మళ్లీ మాటవుతుందట.
"నాన్నా, మీట నొక్కి మాట్లాడు, వదిలేసి విను.
రెండూ ఒకేసారి కుదరవు" అంది దిగేముందు.
మీ అమ్మతో నలభై ఏళ్లు కాపురం చేసినవాణ్ణి,
ఆ సంగతి నాకు చెప్పాలా?

మా రోజుల్లో తాడే మాట.
ఒక్క గుంజు: బాగున్నా.
రెండు: ఇంకాస్త వదులు.
మూడు: లాగెయ్యి.
రాగి టోపీ బిగించుకుని స్పాంజీల కోసం దిగేవాళ్లం
క్రపాన్ దీవి మగాళ్లం.
ఒక ఫిబ్రవరిలో కొండ మీంచి బూర గాలి విరుచుకుపడ్డప్పుడు
మా అన్న యెరోలిమ్ కింద ఉన్నాడు.
తాడు గుంజింది. ఒక్కటే.
బాగున్నాడనుకున్నా.
మళ్లీ గుంజింది. ఒక్కటే.
బాగున్నాడనుకున్నా.
గుంజుతున్నది అల.

ఇవాళ తోంకా దిగింది స్పాంజీలకు కాదు,
పెరిస్కల లెక్కకు.
చేటంత చిప్పలవి, మొన ఇసుకలో గుచ్చుకుని
సముద్రపు గడ్డి మధ్య నిలబడి బతుకుతాయి.
ఏదో తెగులు. కొన్నేళ్లుగా
నిలబడే చస్తున్నాయి, నోళ్లు తెరుచుకుని.
చచ్చినదాన్ని మా భాషలో మృత్వా అంటాం,
బతికున్నదాన్ని జీవా.
తను చెప్పాలి, నేను రాయాలి. అంతే పని.

కానీ పైకొచ్చే దారిలో
హల్లులు నీళ్లు తాగేస్తాయి.
మాస్కులో పెదాలకు చోటు చాలదు,
మిగిలినదాన్ని బుడగలు కొరికేస్తాయి.
పడవదాకా తేలేది చివరి అచ్చు ఒక్కటే.
"...ఆ."
"ఏమిటీ?"
"...ఆ!"
చావుకీ బతుక్కీ చివర ఒకే అచ్చు.
ఈ డబ్బా చేసినవాడికి మా భాష రాదు కాబోలు.

ఇంకోసారి అడగొచ్చు. అడగను.
నా మాట వినబడాలంటే తను ఊపిరి వదలడం ఆపాలి,
లేకపోతే తన బుడగల రొదే తనకు.
నా ప్రశ్న ఎంత పొడుగైతే
అంతసేపు నా కూతురికి గాలి తక్కువ.
డెబ్బై నాలుగేళ్లకు నేర్చుకున్నాను
పొట్టిగా మాట్లాడటం.

గొంతులో అలసట చూసి గీత గీశాను.
గీత పక్కన గీత. ముప్పై ఒకటి.
గడ్డిలో విరిగిన పలకల బడిలా ఉంటుంది కింద,
నాకు తెలుసు, చూడకపోయినా.

అప్పుడు మీట నొక్కిన చప్పుడు.
ఊపిరి లోపలికి పోయింది.
బయటికి రాలేదు.

డబ్బాలో సన్నగా బరబర. మాట లేదు.
రెండు. మూడు. నాలుగు.
చెయ్యి తనంతట తనే తాడు కోసం వెతికింది.
తాడెక్కడిది?
ఆరు. ఏడు.
"తోంకా" అందామని మీట మీద వేలు పెట్టి
తీసేశాను. నేను నొక్కితే
తను నాకు వినబడదు కదా.
ఎనిమిది...
భళ్లున బుడగలు.
వాటి వెనక, చాలా నెమ్మదిగా,
పసిపిల్ల నిద్ర చెడకూడదన్నట్టు,
"...ఆ."

ఈ ఆ ముందటి వాటికి చుట్టం కాదు.
గీత గీయలేదు. సున్నా చుట్టాను,
పెన్సిలు కాగితంలో దిగబడేలా.

పైకొచ్చి మాస్కు ఊడదీసి, ముఖం నిండా ముద్రలతో,
"నా చెయ్యి నీడ పడగానే నోరు మూసుకుంది నాన్నా,
ఇలా, చటుక్కున!
బెదిరిపోతుందేమోనని నేనూ ఊపిరి బిగబట్టా.
నీకు చెప్పానా లేదా?"
పుస్తకం తిప్పి సున్నా చూపించాను.
కాసేపు చూసి,
"తువ్వాలు ఇయ్యి" అంది.

తను బట్టలు మార్చుకునేలోగా తీగ చుట్టాను,
తాడు చుట్టినట్టే, మోచేతి మీదుగా.
చివర ఇంకా నీళ్లలోనే ఉంది.
ఎవరూ చూడకుండా
ఒక్క గుంజు గుంజాను.